రెబెక్కా గ్రాట్జ్

రెబెక్కా గ్రాట్జ్ (మార్చి 4, 1781 - ఆగష్టు 27, 1869) అమెరికాకు చెందిన యూదు విద్యావేత్త, సంఘసేవకురాలు. ఈమె పెన్సిల్వేనియా రాష్ట్రములోని లాంకాస్టర్‌లో ఒక వర్తక కుటుంబమున జన్మించినది. ఫిలడెల్ఫియాలో నివసించుచు, 1819లో పేద యూదులకై మహిళా సహాయ సంఘమును స్థాపించుటలో ముఖ్యపాత్ర వహించినది. అవివాహితగానే ఉండి, 1823లో మరణించిన సోదరి పిల్లలను పెంచినది.

ఆ కాలమున అమెరికాలో సామాన్య యూదు కుటుంబముల పిల్లలకు తమ మతమును, చరిత్రను బోధించు ఏర్పాట్లు అరుదు. ఆ లోటు తీర్చుటకు ఈమె 1838లో క్రైస్తవుల ఆదివారపు బడుల నమూనాలో హీబ్రూ సండే స్కూలును ప్రారంభించినది. ఇందు స్త్రీలే ఉపాధ్యాయులు. బాలబాలికలకు ఉచితముగా, ఆంగ్లములో బోధించెడివారు. తగిన పుస్తకములు లేనందున తొలుత క్రైస్తవ పాఠ్యపుస్తకములనే తెచ్చి, యూదు మతమునకు సరిపడని భాగములపై కాగితములు అంటించి వాడిరి. చార్లెస్టన్ మొదలగు నగరముల యూదులు ఈ పద్ధతిని అనుసరించిరి. ఈమె 1864 వరకు పాఠశాలను నడిపినది.