ఛత్తీస్‌గఢ్ గాంధీ - పండిత సుందర్‌లాల్ శర్మ

మీ ఊరి పశువులను అధికారులు జప్తు చేసి సంతలో వేలం వేస్తున్నారనుకోండి. పాట పాడడానికి ఒక్కరు కూడా ముందుకు రాకపోతే ఏమవుతుంది? 1920లో రాయపూర్ ప్రాంతంలో అలాగే జరిగింది. ఆ పోరాటాన్ని నడిపినవారిలో ముఖ్యులు పండిత సుందర్‌లాల్ శర్మ. వారి జీవితాన్ని గురించి తెలుసుకుందాం.

రాయపూర్ నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర రాజధాని. ఆ రోజుల్లో అది ఒక జిల్లా కేంద్రం. ఆ జిల్లాలో మహానది ఒడ్డున రాజిం అనే పుణ్యక్షేత్రం ఉండేది. దానికి దగ్గరలోని చమ్సూర్ గ్రామంలో 1881 డిసెంబరు 21న శర్మగారు జన్మించారు. వారి బడి చదువు ప్రాథమిక స్థాయితోనే ఆగిపోయింది. మీలాగే వారు కూడా తరువాతి చదువు సొంతంగా సాగించారు. సంస్కృతం, బెంగాలీ, ఒరియా వంటి భాషలు ఇంటి దగ్గరే నేర్చుకున్నారు. సామాన్యులు మాట్లాడుకునే ఛత్తీస్‌గఢీ భాషలో 'దానలీల' అనే కావ్యం రాశారు.

ఇక కండేల్ గ్రామం సంగతి చూద్దాం. ఇది ధమ్తరి దగ్గర ఉంది. కాలువ నీటికి పదేళ్ళ ఒప్పందం చేసుకోమని ప్రభుత్వం ఇక్కడి రైతులను ఒత్తిడి చేసింది. రైతులు ఒప్పుకోలేదు. 1920లో అధికారులు వారిపై నీటి దొంగతనం మోపి, నాలుగు వేల రూపాయలకు పైగా జరిమానా వేశారు. చేయని తప్పుకు డబ్బు కట్టబోమని రైతులు తేల్చి చెప్పారు. శర్మగారు, నారాయణరావు మేఘావాలే, ఛోటేలాల్ శ్రీవాస్తవ వారికి అండగా నిలిచారు.

అధికారులు పశువులను పట్టుకుని సంతలకు తోలారు. ఎవరూ కర్ర ఎత్తలేదు. ఎవరూ పాట కూడా పాడలేదు. పొరుగు గ్రామాలవారికి చవకగా ఎడ్లు దొరికే అవకాశం వచ్చింది. అయినా సాటి రైతు కష్టంతో లాభపడడానికి వారు ఇష్టపడలేదు. శర్మగారు గాంధీజీని కలిసి రమ్మని కోరడానికి కలకత్తా వెళ్ళారు. చివరికి ప్రభుత్వం జరిమానాను రద్దు చేసింది.

1922లో శర్మగారు జైలుకు వెళ్ళారు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. చేతిరాతతో ఒక పత్రిక నడిపారు.

పరాయి ప్రభుత్వం చేసే అన్యాయాన్ని ఎదిరించేవారు చాలామంది ఉంటారు. సొంతవారు చేసే అన్యాయాన్ని ఎదిరించడం ఇంకా కష్టం. శర్మగారు బ్రాహ్మణులు. అయినా అంటరానివారిగా చూడబడిన సత్నామీలతో కలిసి మెలిసి తిరిగారు. వారికోసం రాయపూర్‌లో ఆశ్రమం స్థాపించారు. 1925లో రాజింలో హరిజనుల ఆలయ ప్రవేశానికి నాయకత్వం వహించారు. అందుకు తమ కులంవారి నిందలు భరించారు. ఎదురు నింద చేయలేదు, పని మానలేదు. 1933లో రాయపూర్ వచ్చిన గాంధీజీ, ఈ సేవలో శర్మగారు తనకంటే ముందే నడిచారని మెచ్చుకున్నారు.

1940 డిసెంబరు 28న శర్మగారు కన్నుమూశారు. 2005లో బిలాస్‌పూర్‌లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి వారి పేరు పెట్టారు. బడి మధ్యలో మానేసినవారికి కూడా చదువుకునే దారి చూపే సంస్థకు అంతకంటే తగిన పేరు ఏముంటుంది?

అహింస అంటే దెబ్బకు దెబ్బ తీయకపోవడం మాత్రమే కాదని మీరు గమనించారు కదా! పక్కవాడి నష్టంలో మన లాభం వెతుక్కోకపోవడం కూడా అహింసే. మీ ఊరిలో అటువంటి వేలం జరిగితే మీరేం చేస్తారు? ఆలోచించండి. మీ ఇంట్లోవారితో చర్చించండి.