హెయిర్ స్ప్రింగ్ ఇచ్చిన హైగెన్స్

మాహూర్‌లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో తాతల నాటి కీ వాచీ ఒకటి ఇప్పటికీ ఏ పెట్టె అడుగునో దొరుకుతుంది. వెనక మూత తీస్తే ఒక చిన్న చక్రం, దాని మధ్య వెంట్రుకంత సన్నని తీగ చుట్ట కనిపిస్తాయి. వాచీలు బాగుచేసేవారు దాన్నే హెయిర్ స్ప్రింగ్ అంటారు. ఆ స్ప్రింగ్‌ను లోకానికి చూపిన క్రిస్టియాన్ హైగెన్స్ గురించి మన సభ్యులకు నాలుగు మాటలు చెప్పదలచాము.

ఆయన 1629 ఏప్రిల్ 14న హాలండ్‌లోని హేగ్‌లో పుట్టారు. తండ్రి రాజోద్యోగి, కవి కూడా. హైగెన్స్ లైడెన్‌లో న్యాయశాస్త్రం, గణితం చదివారు. 1655లో శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్‌ను కనిపెట్టారు. మరుసటి ఏడు లోలకం గడియారం తయారుచేశారు. అయితే లోలకం గోడకు పనికొస్తుంది గాని జేబులో ఎలా ఊగుతుంది? ఆనాటి జేబు గడియారాలు రోజుకు అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తప్పేవి. చాలావాటికి నిమిషాల ముల్లే ఉండేది కాదు.

1666 నుంచి ఆయన పారిస్ సైన్స్ అకాడమీలో పనిచేశారు. 1675 జనవరి 20న ఈ స్ప్రింగ్ బొమ్మ కాగితం మీద గీశారు. చక్రం ఎంత తిరిగితే స్ప్రింగ్ అంత బలంగా వెనక్కి లాగుతుంది. అందుకే ఊపు చిన్నదైనా పెద్దదైనా పట్టే సమయం దాదాపు ఒకటే. ఇసాక్ తురే అనే పనివాడు ఆ వారంలోనే నమూనా చేసిపెట్టాడు.

తగాదా అక్కడే మొదలైంది. ఇందులో తనకూ భాగం ఉందన్నాడు తురే. లండన్‌లో రాబర్ట్ హుక్ ఈ ఆలోచన ఏనాడో తనదన్నారు. హుక్ మాట పూర్తిగా కొట్టిపారేయలేము, స్ప్రింగులతో ఆయన 1660 ప్రాంతంలోనే కుస్తీ పట్టారు. కానీ అచ్చు వేయించలేదు. ఇన్‌వార్డు రిజిస్టరులో తేదీ పడని కాగితం గతి ఏమిటో, గుమాస్తాగిరీ చేసి రిటైరైన మాకు తెలియనిది కాదు! తురే విషయంలో మాత్రం హైగెన్స్ మరీ కటువుగా ఉన్నారనే మాకు అనిపిస్తుంది.

చిత్రమేమిటంటే, ఫ్రాన్సులో ఆయనకు మంజూరైన హక్కుపత్రం కూడా ఒకరి అభ్యంతరం వల్ల నమోదు కాలేదు. ఆయన ఇక పట్టుబట్టలేదు. దాంతో గడియారాల పనివాళ్లందరూ ఆ స్ప్రింగ్‌నే వాడుకున్నారు, నిమిషాల ముల్లు మామూలైపోయింది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఆరోగ్యం చెడి 1681లో హేగ్‌కు వెళ్లిపోయారు, మళ్లీ పారిస్ అకాడమీకి చేరలేదు. 1695 జులై 8న కన్నుమూశారు. తన కాగితాలన్నీ లైడెన్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. అవి ఇప్పటికీ అక్కడి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.