ఆగస్టు 18: గుంటూరు వచ్చిన జూల్ జాన్సెన్

క్రీ.శ. 1868వ సంవత్సరం ఆగస్టు 18వ తేదీ, మంగళవారం. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఆనాటి ఉదయం ఏడెన్ తీరంనుండి బయలుదేరిన చంద్రుని నీడ అరేబియా సముద్రాన్ని దాటి, దక్కను పీఠభూమి మీదుగా తెలుగునేలలో ప్రవేశించి, గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలోకి సాగి, సయాం దేశాన్ని తాకింది. ఆ శతాబ్దంలోని దీర్ఘమైన సంపూర్ణ సూర్యగ్రహణాలలో అది ఒకటి. ఆ కొద్ది నిమిషాల కోసం గుంటూరులో దూరదర్శినితో నిరీక్షించినవారిలో పారిస్ నగరంనుండి వచ్చిన నలభై నాలుగేండ్ల పండితుడు ఒకరున్నారు. ఆయన కుంటుతూ నడిచేవారు. ఆయన పేరు పియర్ జూల్ సెజార్ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో జన్మించారు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో దాది అజాగ్రత్త వలన జరిగిన ప్రమాదంలో ఆయన కాలు శాశ్వతంగా దెబ్బతిన్నది. ఆ కారణంగా తల్లిదండ్రులు బాలుని బడికి పంపలేదు; చదువంతా ఇంటిలోనే సాగింది. కుటుంబ ఆర్థిక స్థితి దిగజారడంతో చిన్న వయసులోనే బ్యాంకులో గుమాస్తాగా చేరవలసి వచ్చింది. పగలు లెక్కల పుస్తకాలు, తీరిక వేళల్లో గణిత, భౌతిక శాస్త్రాలు. పట్టభద్రుడయ్యేనాటికి ఇరవై ఎనిమిదేండ్లు వచ్చాయి. బడి మెట్లెక్కని ఆ పిల్లవాడు అటుపిమ్మట పారిస్‌లోని ఒక పేరుగల ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పారు. కాని ఆయన మనసు నాలుగు గోడల మధ్య నిలిచేది కాదు. 1857లో భూమి అయస్కాంత రేఖను పరిశీలించడానికి పెరూ దేశం వెళ్ళి, తీవ్రమైన జబ్బుతో తిరిగివచ్చారు. కాలు సహకరించని మనిషి జీవితమంతా ప్రయాణాలలోనే గడపడం విశేషం.

ఆ కాలానికి విజ్ఞానలోకాన్ని ఊపివేసిన సాధనం వర్ణపటదర్శిని. కాంతిని పట్టకం గుండా పంపితే రంగులు విడివడతాయి. ఒక్కొక్క మూలకం తనకు మాత్రమే చెందిన గీతలను ఆ రంగుల పట్టీలో చూపుతుంది. కోట్ల మైళ్ళ దూరాన ఉన్న సూర్యునిలో ఏ పదార్థాలున్నాయో భూమి మీద కూర్చొని చెప్పగల ఉపాయం ఇది. అయితే సూర్యకాంతి మన వాతావరణం గుండా వస్తుంది కదా, ఆ గీతలలో సూర్యునివి ఏవి, మన గాలివి ఏవి? ఈ ప్రశ్న జాన్సెన్‌ను పట్టుకుంది. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఊరిలో పెద్ద చితుకుల మంట వేయించి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంనుండి దానిని వర్ణపటదర్శినితో చూశారు. సూర్యునితో నిమిత్తం లేని ఆ మంట వెలుగులో కూడ వాతావరణపు గీతలు కనబడ్డాయి. తరువాత పారిస్‌లోని గ్యాసు కర్మాగారంలో 37 మీటర్ల పొడవుగల గొట్టంలో ఆవిరి నింపి, ఆ గీతలలో పలు గీతలకు నీటి ఆవిరే కారణమని నిరూపించారు.

ఈ సిద్ధతతోనే ఆయన 1868లో భారతదేశానికి ఓడ ఎక్కారు. మద్రాసు రేవులో దిగినప్పుడు అక్కడి ప్రభుత్వం ఆయనను ఆదరించి, మచిలీపట్నం చేరడానికి ఓడ సౌకర్యం కల్పించింది. షోళింగనల్లూరు పక్కన కనిపించే బకింగ్‌హామ్ కాలువ అప్పటికి మద్రాసు నగరం గుండా పూర్తి కాలేదు. ఉత్తరాదికి సముద్రమే సులువైన దారి. సముద్రతీరంలో మేఘాల భయం, కొండలవద్ద మరొక రకం మబ్బుల భయం. రెండింటికీ నడుమ ఉన్న గుంటూరును జాన్సెన్ ఎంచుకున్నారు. అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట పరికరాలు నెలకొల్పుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం పక్షాన మేజర్ టెనెంట్ బృందం కూడ గుంటూరులోనే మకాం వేసింది. నుంగంబాకంలోని మద్రాసు ఖగోళశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళారు. ఆయన సహాయకులు చింతామణి రఘునాథాచార్యులు నిజాం రాజ్యంలోని వనపర్తికి ఒక బృందాన్ని తీసుకొని వెళ్ళారు. రఘునాథాచార్యులు పంచాంగకర్తల వంశంలో పుట్టి, అంతకు ముందటి ఏడే కాంతి హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని కనుగొన్నవారు. వారి చరిత్ర వేరుగా వ్రాయదగినది.

గ్రహణ సమయంలో సూర్యబింబం అంచున ఎర్రని జ్వాలలు లేస్తున్నట్లు కనబడడం అంతకు ముందే తెలుసు. అవి ఏమిటో తెలియదు. చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషాలలో జాన్సెన్ ఆ జ్వాలలవైపు వర్ణపటదర్శినిని తిప్పారు. అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీకి బదులు, విడివిడిగా కాంతివంతమైన గీతలు మెరిశాయి. అంటే ఆ జ్వాలలు మండుతున్న వాయువులు, ముఖ్యంగా ఉదజని. ఆనాడు నీడ దారిలో నిలిచిన పలువురు పరిశీలకులు ఈ మాటే చెప్పారు. జాన్సెన్‌కు మాత్రం మరొక ఆలోచన తట్టింది. ఇంత ప్రకాశంగల గీతలు గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనబడకూడదు?

ఒక చెంబు నీటిని విశాలమైన అరుగు మీద ఒలకబోస్తే పలుచగా పరచుకుంటుంది. ఆకాశంలో చెదిరిన సూర్యకాంతిని వర్ణపటదర్శిని అలాగే రంగులన్నింటిలోకి పరచి పలుచన చేస్తుంది. జ్వాలల కాంతి మాత్రం రెండు మూడు గీతలలోనే నిలిచి ఉంటుంది కనుక పలుచబడదు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి ప్రయత్నం సాగలేదు. మరునాడు, ఆగస్టు 19 ఉదయం, సూర్యుడు నిండుగా వెలుగుతుండగా పరికరపు సన్నని చీలికను బింబపు అంచున నిలిపారు. గీతలు కనబడ్డాయి! మానవులు ఏండ్ల తరబడి ఎదురుచూచి, ఖండాలు దాటి వెళ్ళి, కొద్ది నిమిషాలు మాత్రమే చూడగలిగిన దృశ్యం అప్పటినుండి ప్రతిదినమూ చూడదగినదైంది. గుంటూరులో పదిహేడు రోజులు ఆయన ఆ జ్వాలల ఆకారాలు మారడం గమనిస్తూ గడిపారు.

కాకినాడనుండి సెప్టెంబరు 19న ఆయన వ్రాసిన లేఖ పారిస్ విజ్ఞాన పరిషత్తుకు చేరేసరికి అక్టోబరు చివరి వారం. అంతలో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఏ గ్రహణమూ చూడకుండానే, అక్టోబరు 20న, అదే పద్ధతిలో అవే గీతలను చూశారు. ఇద్దరి వార్తలూ పరిషత్తులో ఒకే సమావేశంలో చదివారు. ఎవరు ముందనే తగవు పెరగలేదు. 1872లో ఫ్రాన్సు ఇద్దరి ముఖచిత్రాలతో ఒకే పతకాన్ని ముద్రించింది. శాస్త్రరంగంలో ఇంత మర్యాదగా ముగిసిన పోటీలు అరుదు.

హీలియం మూలకాన్ని జాన్సెన్ గుంటూరులో కనుగొన్నారని తెలుగు పుస్తకాలు తరచు వ్రాస్తుంటాయి. ఊరి మీది అభిమానం మంచిదే కాని, జరిగినది వేరు. ఆ గ్రహణంలో జ్వాలల వర్ణపటంలో ఒక పసుపు గీత పలువురికి కనబడింది. మచిలీపట్నంలో పాగ్సన్ కూడ దానిని గమనించారు. అది సోడియం గీతల చెంతనే ఉండడంతో సోడియందే అనుకున్నారు. కాకినాడనుండి వ్రాసిన లేఖలో జాన్సెన్ కొత్త మూలకం మాట ఎత్తలేదు. ఆ గీత స్థానం సోడియం గీతల స్థానంతో సరిపోదని అక్టోబరులో తేల్చినవారు లాకియర్. సూర్యుని గ్రీకు పేరుమీద హీలియం అనే పేరు తరువాత వచ్చింది. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంనుండి ఆ వాయువును వెలికితీసేవరకు దానిని నమ్మనివారే ఎక్కువ. జాన్సెన్ గుంటూరులో సాధించినది సూర్యుని ఏ రోజుకారోజు చదివే విద్య. దాని విలువ ఒక మూలకంకన్నా తక్కువ కాదు.

అదే నీడ ఆనాడు సయాంలో మరొక కథ నడిపింది. ఆ దేశపు రాజు మోంగ్‌కుట్ స్వయంగా గణితం చేసి, గ్రహణం ఎక్కడ, ఎప్పుడు సంపూర్ణంగా కనబడుతుందో నిర్ణయించి, విదేశీ అతిథులతో వాకో గ్రామానికి వెళ్ళి చూశారు. లెక్క తప్పలేదు. కాని ఆ చిత్తడి ప్రాంతంలో మలేరియా సోకి అక్టోబరు 1న మరణించారు. థాయిలాండులో ఆగస్టు 18 జాతీయ విజ్ఞాన దినం.

గుంటూరు తరువాత కూడ జాన్సెన్ గ్రహణాలను వదలలేదు. 1870 డిసెంబరులో పారిస్‌ను ప్రష్యా సైన్యాలు ముట్టడించి ఉండగా, అల్జీరియాలోని ఓరాన్‌లో గ్రహణం రానున్నది. శత్రువుల అనుమతిపత్రం ఇప్పిస్తామని ఆంగ్ల శాస్త్రజ్ఞులు ముందుకు వచ్చినా ఆయన అంగీకరించలేదు. డిసెంబరు 2 తెల్లవారుజామున పరికరాలతో సహా బెలూన్ ఎక్కి, శత్రుసైన్యాల మీదుగా ఎగిరి, సముద్రతీరానికి సమీపంలో దిగారు. ఓరాన్ చేరారు. గ్రహణం నాడు ఆకాశం నిండా మబ్బులు! ఏమీ కనబడలేదు. మరుసటి ఏడు డిసెంబరు 12 గ్రహణానికి మళ్ళీ దక్షిణ భారతానికి వచ్చి, నీలగిరులలోని షోలూరులో నిర్మలమైన ఆకాశం కింద సూర్యుని కరోనాను పరిశీలించారు.

1874లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం చూడడానికి జపానులోని నాగసాకి వెళ్ళారు. వెంటవెంటనే బొమ్మలు తీసే తుపాకివంటి యంత్రం ఒకటి అందుకు కల్పించారు. చలనచిత్రాలకు పూర్వరూపాలలో దానిని లెక్కిస్తారు. పారిస్ సమీపంలోని మ్యూడాన్‌లో ఖగోళశాల స్థాపించి, ఏండ్ల తరబడి సూర్యుని ఛాయాచిత్రాలు తీశారు. అరవై ఆరవ ఏట, 1890లో, మంచుకొండ మోంబ్లాఁ శిఖరానికి నడిచి ఎక్కలేక, బండివంటి ఆసనంపై మార్గదర్శుల చేత మోయించుకొని, లాగించుకొని చేరారు. మూడేండ్లకు ఆ శిఖరంపై ఖగోళశాల కట్టించారు. పునాదికి ఎంత తవ్వినా రాయి తగలకపోగా మంచు మీదనే నిలిపారు. 1907 డిసెంబరు 23న మ్యూడాన్‌లో ఆయన కన్నుమూశారు. మంచులోకి క్రమంగా కుంగిన ఆ కట్టడాన్ని 1909లో తొలగించారు.