డాలర్ నోటు మీది ముఖం... అప్పుల్లో పోయిన చిత్రకారుడు

అమెరికా ఒక డాలర్ నోటు ఎప్పుడైనా చూశారా? దాని మీద కనిపించే జార్జ్ వాషింగ్టన్ ముఖానికి మూలం 1796లో వేసిన ఓ ఆయిల్ పెయింటింగ్. వేసినవాడు గిల్బర్ట్ స్టువర్ట్. ఆ ఒక్క బొమ్మకి తన చేత్తోనే కాపీలు వేసి, దశాబ్దాల పాటు అమ్ముకున్నాడు. పనికి ఏనాడూ కొదవ లేదు, పేరుకీ కొదవ లేదు. అయినా చనిపోయేనాటికి మిగిలింది అప్పులే. ఎక్కడ తేడా కొట్టింది?

పని నేర్చింది ఇలా...

స్టువర్ట్ 1755లో రోడ్ ఐలాండ్‌లో పుట్టాడు. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన తండ్రి ముక్కుపొడుం మిల్లు నడిపేవాడు. కుర్రాడికి బొమ్మల పిచ్చి. కాస్మో అలెగ్జాండర్ అనే చిత్రకారుడి దగ్గర చేరి, ఆయన వెంట స్కాట్లాండ్ వెళ్లాడు. 1772లో గురువు చనిపోవడంతో పరాయి దేశంలో ఒంటరివాడయ్యాడు. సొంతంగా బతకడం కుదరక ఇంటికి తిరిగొచ్చాడు.

అక్కడితో ఆగిపోలేదు. 1775లో లండన్ వెళ్లాడు. మొదట్లో బొమ్మలు అమ్ముడుపోక, చర్చిలో ఆర్గాన్ వాయించి పొట్టపోసుకున్నాడు. చివరికి మొహమాటం పక్కన పెట్టి, అప్పటికే పేరున్న బెంజమిన్ వెస్ట్‌కి సాయం కోరుతూ ఉత్తరం రాశాడు. ఆయన దగ్గర సహాయకుడిగా చేరి కొన్నేళ్లు పని నేర్చుకున్నాడు. 1782లో మంచు మీద స్కేటింగ్ చేస్తున్న పెద్దమనిషి బొమ్మను రాయల్ అకాడమీలో ప్రదర్శించగానే పేరు మార్మోగింది.

సంపాదన పెరిగింది. ఖర్చు అంతకు మించి పెరిగింది. అప్పులవాళ్ల బాధ పడలేక 1787లో డబ్లిన్ వెళ్లిపోయాడు. అక్కడా అదే కథ! 1793లో అమెరికాకి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక పక్కా ప్లాన్ వేసుకున్నాడు. అధ్యక్షుడు వాషింగ్టన్ బొమ్మ వేయాలి, దానికి కాపీలు వేసి అమ్మి అప్పులు తీర్చాలి.

ఒక్క బొమ్మ... డెబ్బై కాపీలు

అప్పటికి ఫొటోలు లేవు. ఇష్టమైన నాయకుడి ముఖం ఇంటి గోడ మీద ఉండాలంటే అచ్చు బొమ్మ కొనాలి, లేదా చిత్రకారుడితో వేయించుకోవాలి. డబ్బున్న ఇళ్లలో చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్‌కే గిరాకీ. స్టువర్ట్ లెక్క ఇక్కడ కరెక్టే.

1796లో వాషింగ్టన్ భార్య మార్తా తమ ఇద్దరి బొమ్మలూ వేయమని అడిగింది. స్టువర్ట్ ముఖాలు పూర్తి చేసి, మిగతాది ఖాళీగా వదిలేశాడు. పూర్తి చేస్తే ఇచ్చేయాలి కదా! ఆ వంకతో అసలు బొమ్మను తన దగ్గరే ఉంచేసుకున్నాడు. మార్తాకి అది ఎప్పటికీ చేరలేదు. దాన్ని ఎదురుగా పెట్టుకుని డెబ్బైకి పైగా కాపీలు వేశాడు. ఒక్కోటి వంద డాలర్లు. వాటిని తన వంద డాలర్ల నోట్లని సరదాగా చెప్పుకునేవాడు.

ఇంత గిరాకీ ఉంటే పోటీ రాకుండా ఉంటుందా? ఫిలడెల్ఫియా వ్యాపారి ఒకడు స్టువర్ట్ దగ్గరే ఒక కాపీ కొని, చైనాలోని కాంటన్‌కి తీసుకెళ్లాడు. అక్కడి చిత్రకారులతో గాజు మీద వంద కాపీలు వేయించి తెచ్చి అమ్మకానికి పెట్టాడు. స్టువర్ట్ ఊరుకోలేదు. కాపీ చేయనని మాట ఇచ్చాకే ఆ బొమ్మ అమ్మానంటూ కోర్టుకెక్కాడు. 1802లో కోర్టు ఆ అమ్మకాలను ఆపేసింది. తన పని విలువ ఆయనకి బాగానే తెలుసన్నమాట.

తెలియనిదల్లా డబ్బు లెక్కే. అమెరికా మొదటి ఆరుగురు అధ్యక్షుల బొమ్మలూ వేశాడు. జీవితంలో మొత్తం వెయ్యికి పైగా పోర్ట్రెయిట్లు వేశాడు. కానీ రాబడి, ఖర్చు చూసుకునే అలవాటు లేదు. చాలా బొమ్మలు మొదలుపెట్టి వదిలేసేవాడు. 1828లో బోస్టన్‌లో చనిపోయేనాటికి సమాధి కొనే స్తోమత కూడా ఆ కుటుంబానికి లేదు. పేరు చెక్కని గోతిలో పాతిపెట్టారు. తర్వాత సొంతూరికి తరలిద్దామనుకుంటే ఆ చోటు ఏదో ఇంటివాళ్లకే తెలియలేదు.

భారం మోసిన కూతురు

అప్పుడు ఇంటి బరువు చిన్న కూతురు జేన్ మీద పడింది. వయసు పదహారేళ్లు. తండ్రి ఆమెకు పద్ధతిగా శిక్షణ ఇవ్వలేదు. రంగులు నూరుతూ, పక్కన నిలబడి చూస్తూ నేర్చుకుంది. ఆ చూసిన పనే అక్కరకొచ్చింది. తండ్రి వేసిన వాషింగ్టన్ బొమ్మకి కాపీలు వేసి అమ్మి, తల్లినీ అక్కలనూ పోషించింది. సొంతంగా పోర్ట్రెయిట్లు కూడా వేసింది. ఒకే బొమ్మ రెండు తరాలకి అన్నం పెట్టింది.

అసలు బొమ్మను 1831లో బోస్టన్ ఎథీనియం గ్రంథాలయం కోసం కొన్నారు. అది నేటికీ అసంపూర్తిగానే ఉంది.

స్టువర్ట్ నుంచి నేర్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. ఓడిపోయి ఇంటికొచ్చినా మళ్లీ బయల్దేరాడు. పెద్దవాళ్లని సాయం అడగడానికి సిగ్గుపడలేదు. గిరాకీ ఎక్కడుందో ముందే పసిగట్టాడు. వదులుకోవాల్సినవీ ఉన్నాయి. ఒప్పుకున్న పని సగంలో ఆపడం, వచ్చిన డబ్బుకి లెక్క లేకపోవడం. రేపు మీకు మొదటి జీతం వస్తుంది. నైపుణ్యం ఆ జీతం తెచ్చిపెడుతుంది. దాన్ని నిలబెట్టేది మాత్రం మీరు రాసుకునే లెక్కే.