తాబేళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ బౌమన్

ఈ ప్రత్యేక సంచికలో సంఘాన్ని నిలబెట్టిన ఒక వ్యక్తి గురించి తెలుసుకుందాం. ఆయన ఏ ఆఫీసులోనూ పనిచేయలేదు. గుర్రమెక్కి లేగదూడల మెడకు ఉచ్చు విసరడమే ఆయన వృత్తి. ఆయనే ఎవరెట్ బౌమన్. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్లో 1899లో జన్మించారు. తరువాత అరిజోనాలో స్థిరపడ్డారు.

అక్కడి విశాలమైన పచ్చిక బయళ్లలో దూడకు ముద్ర వేయాలన్నా, మందు వేయాలన్నా గుర్రం మీద తరిమి పట్టుకోవలసిందే. ఆ పనే రోడియోలో పోటీ అయింది. ముందు దూడను వదులుతారు. అది కొంత దూరం పోయాకే రౌతు బయలుదేరాలి. తొందరపడి అడ్డుతాడు తెంచితే 10 సెకన్లు అదనంగా కలుపుతారు. ఉచ్చు మెడలో పడగానే గుర్రం ఆగిపోతుంది. రౌతు కిందికి దూకి, పరుగెత్తి, దూడను పడవేసి, మూడు కాళ్లు కలిపి కట్టి చేతులు పైకెత్తాలి. అంతసేపూ తాడు సడలకుండా లాగి పట్టేది గుర్రమే. సగం గెలుపు దానిదే అనాలి!

రోడియో నిర్వాహకుల సంస్థ 1929లో మొదటిసారి ప్రపంచ ఛాంపియన్లను ప్రకటించింది. ఆ ఏడాది దూడల పోటీలో ఛాంపియన్ బౌమన్. 1935లోనూ, 1937లోనూ మళ్లీ ఆయనే. ఆ రెండేళ్లూ అన్ని పోటీలు కలిపి ఇచ్చే అగ్రస్థానం కూడా ఆయనకే దక్కింది. గిత్తను కొమ్ములు పట్టి పడగొట్టే పోటీలో నాలుగుసార్లు గెలిచారు.

ఇంత చేసినా జీతమంటూ లేదు. పోటీదారే ఎంట్రీ ఫీజు కట్టాలి. రైలు ఖర్చు, గుర్రం మేత, ఎముక విరిగితే వైద్యం, అన్నీ సొంత జేబులోంచే. టి.ఏ. బిల్లు ఆలస్యమైతేనే గొడవపడిన మనకు ఇది వింతగానే ఉంటుంది. పైగా చాలాచోట్ల కట్టిన ఫీజులను ప్రైజు సొమ్ములో కలిపేవారు కాదు. నిర్వాహకులే ఉంచుకునేవారు.

1936 అక్టోబరులో బోస్టన్ నగరంలో ఈ విషయం మీదే 61 మంది కౌబాయ్‌లు సంతకాలు చేసి పోటీ నుంచి బయటికి నడిచారు. నిర్వాహకుడు వేరేవాళ్లను దింపి చూశాడు. ప్రదర్శన రక్తి కట్టలేదు. చివరికి దిగివచ్చాడు. అలా పుట్టిన సంఘానికి వాళ్లు పెట్టుకున్న పేరు కౌబాయ్‌ల తాబేళ్ల సంఘం. కదలడానికి చాలాకాలం పట్టినా, ఆఖరికి డిప్పలోంచి తల బయటపెట్టామని వాళ్ల హాస్యం.

ఆ సంఘానికి తొలి సంవత్సరాల నుంచి 1945 దాకా బౌమన్ అధ్యక్షుడు. తరచుగా గెలిచే మనిషికి పాత పద్ధతిలోనూ లోటు లేదు. నష్టమంతా వట్టి చేతులతో ఇంటికి పోయేవాళ్లది. అయినా తనకు బిరుదులిస్తున్న నిర్వాహకులతోనే ఆయన పోరాడారు. సభ్యులు బహిష్కరించిన పోటీకి వెళ్లకూడదన్నది కట్టుబాటు. 1937లో పేరుమోసిన పెండిల్టన్ రోడియోనే వదులుకున్నారు. ప్రైజులో ఫీజులు కలపడం, ఆట తెలిసినవాళ్లనే జడ్జీలుగా పెట్టడం వాళ్ల ముఖ్యమైన కోర్కెలు.

1945లో సంఘం పేరు రోడియో కౌబాయ్స్ అసోసియేషన్‌గా మారింది. అధ్యక్ష పదవి టూట్స్ మాన్స్‌ఫీల్డ్‌కు వెళ్లింది. ఆయన కూడా దూడల పోటీ ఛాంపియనే, ఏడుసార్లు గెలిచినవాడు. బౌమన్ 1971లో విమాన ప్రమాదంలో మరణించారు. 1979లో కొలరాడోలో రోడియో వీరుల స్మారక మందిరం ఏర్పడిన ఏడాదే ఆయన పేరు అందులో చేర్చారు.