సావిత్రి జీవితం నేర్పే పన్ను పాఠం

ఎలమంచిలి నుంచి రోజూ విశాఖకో, అచ్యుతాపురం సెజ్‌కో వెళ్లి పనిచేస్తున్నారా? ఒక నెల చేతినిండా పని, ఇంకో నెల ఖాళీ. మధ్యలో చదువు కోసం తీసుకున్న బ్యాంకు రుణం కిస్తీ. వీటికి తోడు అనుకోకుండా ఆదాయపు పన్ను నోటీసు వచ్చిందనుకోండి. అప్పుడేం చేస్తారు? జవాబు వెతికే ముందు, మీ అమ్మమ్మకు ఇష్టమైన ఒక నటి జీవితాన్ని డబ్బు వైపు నుంచి చూద్దాం.

సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. పసితనంలోనే తండ్రి పోయారు. విజయవాడలో పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య చౌదరి ఇంట పెరిగారు. నాట్యం, నాటకాలు నేర్చుకున్నాక మద్రాసు వెళ్తే మొదట్లో చిన్న వేషాలే దొరికాయి. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో ఆమెకు దక్కింది ఒక నృత్యం మాత్రమే. తర్వాత రోజులు మారాయి. 1953లో ‘దేవదాసు’, 1955లో ‘మిస్సమ్మ’, 1957లో ‘మాయాబజార్’. తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ అగ్రతార అయ్యారు.

సంపాదనతో పాటు చెయ్యి కూడా పెద్దదే. దేశ రక్షణ కోసం ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి నగలు విరాళంగా ఇచ్చేశారు. అడిగినవాళ్లకు లేదనేవారు కాదని చెప్పుకుంటారు.

తర్వాత సొంతంగా సినిమాలు తీయాలనుకున్నారు. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు. 1971లో ‘మూగ మనసులు’ కథను తమిళంలో ‘ప్రాప్తం’గా తీశారు. అది దెబ్బతింది, డబ్బు పోయింది. అదే కాలంలో వేషాలూ తగ్గాయి. పన్ను బకాయిలు మాత్రం తగ్గలేదు. 1970లలో ఆదాయపు పన్ను అధికారులు ఆమె ఆస్తులు జప్తు చేశారు. చివరి సంవత్సరాల్లో ఏ వేషం వచ్చినా చేయాల్సి వచ్చింది. 19 నెలలు కోమాలో ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు.

ఇదంతా ఆమె దుబారా వల్లే అనుకుంటే అన్యాయమే. ఆ రోజుల్లో పన్ను రేట్లు చూడండి. 1973-74లో పై శ్లాబు మీద సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం! పై శ్లాబులో వంద రూపాయలు వస్తే చేతిలో మిగిలేది రెండేకాలు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. పన్ను లెక్కగట్టేది నిన్నటి సంపాదన మీద, కట్టాల్సింది ఇవాళ్టి డబ్బుతో. నిన్న బాగా వచ్చి ఇవాళ తగ్గిపోయిన వాళ్లకే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. సావిత్రికైనా, మీకైనా ఇది ఒక్కటే.

మీ సంగతికొద్దాం. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి రూ.12 లక్షల వరకు మామూలు ఆదాయంపై పన్ను పడదు. అందుకని నాకేం సంబంధం అనుకోకండి. క్రిప్టో లాభాలకు ఈ వెసులుబాటు లేదు, 30 శాతం కట్టాల్సిందే. ఏడాది మధ్యలో ఉద్యోగం మారారా? పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే, వాళ్లు తమ జీతం వరకే లెక్క చూసి పన్ను పట్టుకోరు. రెండు జీతాలు కలిపి రూ.15 లక్షలైతే, రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోయాక కూడా సెస్సుతో కలిపి మొత్తం పన్ను రూ.97,500 తేలుతుంది. జీతాల్లోంచి ఏమీ కోసుకోకపోతే అంతా మీరే ఒక్కసారి కట్టాలి.

టీడీఎస్ పోగా ఇంకా రూ.10 వేలు లేదా అంతకు మించి కట్టాల్సి ఉంటే, జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల్లోపు ముందస్తు పన్ను కట్టాలి. లేకపోతే నెలకు 1 శాతం చొప్పున వడ్డీ పడుతుంది.

నోటీసు వచ్చేసిందా? కంగారు పడొద్దు, పక్కన పడేయొద్దు. ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో అది నిజమైనదో కాదో చూసుకోండి. లెక్క తప్పనిపిస్తే అక్కడే అభ్యంతరం చెప్పొచ్చు. లెక్క సరైనదే, ఒకేసారి కట్టే స్తోమత లేదు అంటే, వాయిదాలు ఇవ్వమని అసెసింగ్ అధికారికి గడువులోపే దరఖాస్తు చేసుకోవచ్చు.

విద్యారుణం కిస్తీ మాత్రం ఆపకండి, ఆపితే క్రెడిట్ స్కోరు పడిపోతుంది. రుణానికి అదనంగా కడుతున్నది ఉంటే, దాన్ని కొన్నాళ్లు పన్ను వైపు మళ్లించండి. కిస్తీ కూడా కష్టమైతే, తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. పాత పన్ను విధానంలో ఉంటే విద్యారుణం వడ్డీకి 8 ఏళ్ల వరకు మినహాయింపు ఉంది. ఏ విధానం లాభమో రెండు లెక్కలూ వేసి చూసుకోండి.

ఇక ముందు జాగ్రత్తగా, డబ్బు వచ్చిన రోజే పన్ను వాటాను వేరే ఖాతాలో పడేయండి. ఆ వాటా మీది కాదు, మీ దగ్గర దాచిపెట్టినది అనుకోండి. సాయం చేయాలన్నా, సాహసం చేయాలన్నా మిగిలినదాంట్లోంచి చేయండి. సావిత్రి అంత పెద్ద మనసు ఉండటం తప్పు కాదు. ఆ మనసుకు పక్కన ఒక లెక్కల పుస్తకం కూడా ఉండాలి.