జాన్ న్యూటన్ : ఒక నావికుని జ్ఞాపకములు

అమేజింగ్ గ్రేస్ అను ఆంగ్ల కీర్తనమును మనలో పెక్కుమంది వినియున్నారు. దానిని రచించిన జాన్ న్యూటన్ దొర గురువుగను, కీర్తనకారుడుగను ప్రసిద్ధుడు. కాని యాతడు గురువగుటకు ముందు పదునెనిమిదేండ్లు సముద్రముమీద గడపిన నావికుడు. అందు కొంతకాలము ఆంగ్ల యుద్ధనౌకలో కొలువు చేసినవాడు. ఆ దినములను మఱువక, తన తప్పులను దాచక లోకమునకు చెప్పుటయే యాతడు చేసిన గొప్ప కార్యమని మాకు తోచుచున్నది. సముద్రమునకు చేరువనున్న మన దివిసీమ, బందరు ప్రాంతముల విద్యార్థులకు ఈ చరిత్ర తెలియదగినది.

న్యూటన్ 1725వ సంవత్సరము జూలై 24వ తేదీన లండను నగరమందలి వాపింగు అను రేవుపేటలో జన్మించెను. తండ్రి వర్తకపు టోడకు కప్తాను. తల్లి భక్తురాలు, కుమారునకు పసితనముననే చదువును, వేదవాక్యములను నేర్పెను. బాలునకు ఏడేండ్లు నిండకమునుపే యామె క్షయరోగముచే మరణించెను. పదునొకండవ యేట అతడు తండ్రివెంట ఓడ యెక్కెను.

1744వ సంవత్సరమున ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము సమీపించెను. ఆ కాలమున యుద్ధనౌకలకు మనుష్యులు చాలనిచో, ఆయుధములు ధరించిన జట్టులు రేవులందు తిరిగి, కనబడిన నావికులను బలవంతముగ గొనిపోవుచుండెను. అట్లు పట్టుబడిన న్యూటన్ 50 ఫిరంగులుగల హార్విచ్ అను నౌకలో చేర్పబడెను. తండ్రి పలుకుబడివలన మిడ్షిప్మన్ అను చిన్న యుద్యోగము దొరకెను. కాని నౌక దీర్ఘకాలము తూర్పుదేశములకు పోనున్నదని తెలిసి, తాను ప్రేమించిన మేరీ కాట్లెట్ అను కన్యను విడనాడలేక, ప్లిమత్తు రేవులో ఓడ దిగి పాఱిపోయెను. సైనికులు పట్టి తెచ్చిరి. సంకెళ్లు తగిలించి, ఓడవారందఱి యెదుట కొరడాలతో కొట్టించి, ఉద్యోగము తీసివేసి, సామాన్య నావికునిగ జేసిరి. నిన్నటి స్నేహితులు అతనిపై దయ చూపరాదని యాజ్ఞ యయ్యెను. అవమానముచే అతడు కప్తానును చంపుటకును, తాను చచ్చుటకును గూడ తలపోసెను. మదీరా దీవియొద్ద అతనిని ఆఫ్రికా కేగు వేఱొక యోడలోనికి మార్చిరి. హార్విచ్ నౌక మాత్రము మన చోళమండల తీరమునకు వచ్చి, 1746లో నాగపట్నము దగ్గఱ ఫ్రెంచివారితో జరిగిన పోరులో పాల్గొనెను.

ఆఫ్రికాలో న్యూటన్ బానిసల వర్తకునియొద్ద పనికి కుదిరి, సియెర్రా లియోను చేరువనున్న ప్లాంటెయిన్ దీవులలో రోగముతోను, ఆకలితోను, తానే బానిసవలె బ్రదికెను. అట్టి దురవస్థలోను ఒక యూక్లిడు పుస్తకమును విడువక, ఇసుకపై కఱ్ఱతో రేఖలు గీచుచు క్షేత్రగణితము నేర్చుకొనెను. పుస్తకములు, పలకలు సమృద్ధిగ గలిగియు చదువునెడ బద్ధకించు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

తుదకు గ్రేహౌండ్ అను ఓడ అతనిని ఎక్కించుకొని స్వదేశమునకు బయలుదేఱెను. 1748వ సంవత్సరము మార్చి 21వ తేదీన ఉత్తర అట్లాంటిక్ సముద్రమున గొప్ప తుపాను రేగెను. ఓడ ప్రక్కలు పగిలి నీరు చొచ్చెను. న్యూటన్ తెల్లవారుజాము 3 గంటలు మొదలు మధ్యాహ్నమువఱకు పంపుతో నీరు తోడెను. పిదప అర్ధరాత్రివఱకు చుక్కాని పట్టెను. సరకులలో తేనెమైనమును, తేలికయగు కొయ్యయు నుండుటచే ఓడ మునుగక, కొన్ని వారములకు ఐర్లండు చేరెను. ఆ రాత్రి అతడు దేవునికి మొఱపెట్టెను. జీవితాంతము ఆ తేదీని జ్ఞప్తియందుంచుకొనెను.

ఇచ్చట కథ ముగిసినయెడల వినుటకు ఇంపుగ నుండును. కాని సత్యము వేఱు. 1750లో మేరీని వివాహమాడి, ఆ యేడు మొదలు 1754 వఱకు న్యూటన్ బానిసలను గొనిపోవు ఓడలకే కప్తానుగ నుండెను. ఆదివారములందు రెండుమాఱులు ఓడవారితో ప్రార్థన జరపుచుండెను. వారి పాదములక్రింది యరలలో నీగ్రో స్త్రీ పురుషులు క్రిక్కిఱిసి యుండిరి. పురుషులను ఇద్దఱిద్దఱినిగా గొలుసులతో కట్టియుంచుచుండిరి. కొరడాదెబ్బల బాధ నెఱిగినవాడు ఇతరుల సంకెళ్ల బాధ నెఱుగకపోయెను. ఆ వృత్తి న్యాయసమ్మతమనియు, గౌరవప్రదమనియు ఆనాటి సమాజము తలచుచుండెను. అతడును అట్లే తలచెను. 1754లో హఠాత్తుగ సంభవించిన మూర్ఛచే ఓడపని మానెనేగాని, మనస్సాక్షి గద్దించుటచే గాదు.

తరువాత లివర్పూలు రేవున సుంకపు టుద్యోగము చేయుచు గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చెను. 1764లో తన సముద్రజీవితమును లేఖలరూపమున ప్రకటించెను. ఆ యేడే ఓల్నీ గ్రామమున గురువయ్యెను. అమేజింగ్ గ్రేస్ కీర్తన 1773వ సంవత్సరారంభపు ఆరాధనకై వ్రాసినది. 1780లో లండను నగర దేవాలయమునకు మాఱెను. 1785లో విల్బర్‌ఫోర్సు అను పార్లమెంటు సభ్యుడు రహస్యముగ వచ్చి ఆలోచన యడుగగా, రాజకీయములు విడువక దేవుని సేవించుమని హితవు చెప్పెను.

1788లో, కప్తాను పని మానిన 34 ఏండ్లకు, న్యూటన్ బానిసల వ్యాపారమును ఖండించుచు చిన్న గ్రంథము ప్రకటించెను. తాను చూచినవానిని, చేసినవానిని మఱుగులేక వ్రాసెను. ఆ వ్యాపారము నల్లవారినే గాక తెల్ల నావికులను గూడ హరించుచున్నదనియు, అందు పోవువారిలో కనీసము ఐదవవంతుమంది తిరిగి రారనియు లెక్క చెప్పెను. ప్రభుత్వ విచారణసభల యెదుట సాక్ష్యమిచ్చెను. గౌరవనీయుడగు వృద్ధ గురువు తన సిగ్గును తానే చాటుట సులభము కాదు. కాని కన్నవాడు చెప్పిన మాటను వర్తకులు కల్లయని త్రోసివేయలేకపోయిరి. 1807 మార్చి 25న ఆ వ్యాపారమును నిషేధించు శాసనము బ్రిటిషు రాజ్యమున అంగీకృతమయ్యెను. చూపు సన్నగిల్లిన న్యూటన్ ఆ వార్త వినుటకు బ్రదికియుండి, అదే సంవత్సరము డిసెంబరు 21న మరణించెను.

ఈయన జీవితమునకును మన ప్రాంతమునకును ఒక సంబంధము గలదు. 1783లో న్యూటన్ స్నేహితులతో గూడి స్థాపించిన ఎక్లెక్టిక్ సమాజపు చర్చలనుండియే 1799లో చర్చి మిషనెరీ సొసైటీ పుట్టెను. ఆ సొసైటీవారే 1841లో నోబుల్, ఫాక్సు దొరలను మచిలీపట్నమునకు పంపిరి. 1843లో నోబుల్ దొర అచ్చట పాఠశాల తెఱచెను. హార్విచ్ నౌకలో న్యూటన్ చేరలేకపోయిన తీరమునకు ఆతని మిత్రమండలి ఫలము ఇట్లు చేరినది.

విద్యార్థులారా, తుపానునుండి తప్పించుకొనుట ఒక రాత్రి పని. తన తప్పును తప్పని గుర్తించుటకు న్యూటనుకు దీర్ఘకాలము పట్టెను. తాను పడిన బాధను మాత్రమేగాక తాను పెట్టిన బాధను గూడ జ్ఞాపకముంచుకొని, పదిమందికి మేలగునపుడు నోరు తెఱచి చెప్పుట ఈ నావికునివలన మనము నేర్వదగిన పాఠము.